ఇంటి నంబరు, మనిషి నంబరు



ఈ స్మారక ఉపన్యాసం ఏ ఒక్కరి పేరు మీదా జరగడం లేదు. ట్రంక్ ఎక్స్ఛేంజీల్లో హెడ్‌సెట్ తగిలించుకుని రాత్రి డ్యూటీలు చేసిన ఆపరేటర్లు, వానలో స్తంభాలెక్కిన లైన్‌మెన్లు, ఎస్‌టీడీ బూత్ నడుపుతూ పక్క వీధికి మనిషిని పంపి "మీ అబ్బాయి దగ్గర్నుంచి ఫోనండీ" అని పిలిపించినవాళ్లు. వీరిలో చాలామంది ఇప్పుడు లేరు. ఇరవయ్యో శతాబ్దపు తెలుగు కుటుంబాలు దూరాన ఉన్నవాళ్లతో మాట్లాడుకోగలిగాయంటే ఆ పుణ్యం వీళ్లదే. ఈ సభ వారి స్మృతికి.

చెప్పదలచిన సంగతి ఒక్కటే. ఫోను ఇంటిదిగా ఉన్నన్నాళ్లూ దాని బాధ్యతా ఉమ్మడిగానే ఉండేది. కంపెనీకో ప్రభుత్వ శాఖకో కొంత, ఇరుగుపొరుగుకు కొంత, ఇంటిల్లిపాదికీ కొంత. ఫోను మనిషిదయ్యాక సౌకర్యం ఊహకందనంతగా పెరిగింది. బాధ్యత మాత్రం ఎవరి జేబులో వారిదైపోయింది. ఈ మార్పులో ఎక్కువగా వెనకబడుతున్నది వయసు మీదపడినవారు.

గోడ మీది నంబరు

మిషిగన్ రాష్ట్రంలో డిట్రాయిట్ శివారున ఉన్న మన ఫార్మింగ్టన్ హిల్స్ నేటి రూపంలో నగరంగా ఏర్పడింది 1973లో. 1965 వలస చట్టం తర్వాత డిట్రాయిట్ ప్రాంతపు కార్ల కంపెనీలకూ ఆసుపత్రులకూ యూనివర్సిటీలకూ వచ్చిన తొలి తరం తెలుగువారు అప్పటికే ఇక్కడ కుదురుకుంటున్నారు. తర్వాత బాష్ ఉత్తర అమెరికా కేంద్ర కార్యాలయం, నిస్సాన్ సాంకేతిక కేంద్రం ఈ ఊళ్లోనే వెలిశాయి. ఇంజనీర్ల కుటుంబాలు పెరిగాయి.

తొలి తరం ఇళ్లలో ఫోను మిషిగన్ బెల్ వారిది. నంబరు 313తో మొదలయ్యేది. 1947లో అమెరికా, కెనడాలకు కలిపి 86 ఏరియా కోడ్లు కేటాయించినప్పుడు ఆగ్నేయ మిషిగన్‌కు దక్కినది అదే. దాదాపు అర్ధ శతాబ్దం అది కదల్లేదు. 1990లలో ఫాక్స్ మిషన్లు, పేజర్లు, ఇంటర్నెట్ కోసం రెండో లైన్లు, సెల్ ఫోన్లు కలిసి నంబర్లను మింగేయడం మొదలుపెట్టాయి. 1993లో ఈ ప్రాంతం 810 కిందికి పోయింది. 1997లో ఈ ఊరున్న ఓక్లాండ్ కౌంటీకి 248 వచ్చింది. 2002లో అదే ప్రాంతం మీద 947 కూడా తోడైంది. దాంతో ఎదురింటికి ఫోను చేయాలన్నా పది అంకెలూ నొక్కక తప్పలేదు. ఇల్లు కదల్లేదు, తీగ మారలేదు. అయినా నాలుగేళ్లలో రెండుసార్లు నంబరు మొదలు మారింది. గుంటూరులోనో ఖమ్మంలోనో గోడ క్యాలెండరు మీద రాసుకున్న అమెరికా నంబరును రెండుసార్లు కొట్టేసి రాసుకోవాల్సి వచ్చింది.

అటువైపు ఇంట్లో ఫోను ఉంటేనే ఈ మాట. 1981 నాటికి భారతదేశం మొత్తానికి ఉన్న టెలిఫోన్ కనెక్షన్లు 20 లక్షల పైచిలుకు. దరఖాస్తు పెట్టుకుని ఏళ్ల తరబడి ఎదురుచూసిన కుటుంబాలకు లెక్కలేదు. అందుకే శుభలేఖల మీదా విజిటింగ్ కార్డుల మీదా నంబరు పక్కన "పీపీ" అని రెండక్షరాలు కనిపించేవి. ఆ నంబరు పక్కింటివాళ్లదని అర్థం. చేసేవాళ్లు ముందు క్షమించమని అడిగి, తర్వాత పేరు చెప్పి, పిలుచుకొచ్చేదాకా లైన్లో ఉండేవారు. ఫోనున్న ఇల్లు ఆ వీధికంతటికీ తంతి కార్యాలయం. జననాలూ మరణాలూ ఉద్యోగాల ఆర్డర్లూ ముందు ఆ ఇంటి గడపే దాటేవి.

భారతదేశంలో ఆపరేటర్ సాయం లేకుండా దూరపు ఊరికి నేరుగా డయల్ చేసే ఎస్‌టీడీ 1960లో లక్నో, కాన్పూర్ల మధ్య మొదలైంది. అది చిన్న పట్టణాలకు చేరేసరికి దశాబ్దాలు పట్టింది. అందాకా ట్రంక్ కాలే దిక్కు. బుక్ చేసి కూర్చోవాలి. ఆర్డినరీ, అర్జెంట్, లైట్నింగ్ అని తరగతులు. పేరు చెప్పిన మనిషి దొరికితేనే కలిపేది పీపీ (పర్టిక్యులర్ పర్సన్) కాల్. ఆపరేటర్ బోర్డు మీద ఒక త్రాడు ఒక రంధ్రంలో, ఇంకో త్రాడు ఇంకో రంధ్రంలో గుచ్చితే ఏలూరు బొంబాయితో మాట్లాడేది. మూడు నిమిషాలు కాగానే ఆపరేటర్ గొంతు మధ్యలో పలికేది. పొడిగించాలా వద్దా అన్నది అప్పటికప్పుడు తేల్చుకోవాలి. లైను సరిగా లేకపోతే అటు మాట ఇటు, ఇటు మాట అటు అప్పజెప్పేదీ ఆపరేటరే. ఎవరి ఇంట్లో ఏం జరిగిందో విని, విన్నది పొక్కనీయకుండా ఉద్యోగ జీవితం గడిపేసిన మనుషులు వాళ్లు.

నిమిషం ధర

1984 ఆగస్టులో భారత ప్రభుత్వ టెలికాం పరిశోధన సంస్థ సీడాట్ ఏర్పడింది. చికాగోలో టెలిఫోన్ స్విచ్‌ల మీద పనిచేసిన శామ్ పిట్రోడా దానికి ప్రాణం పోశారు. ఏసీ గదులు అక్కర్లేకుండా మన ఎండలకూ దుమ్ముకూ తట్టుకునే గ్రామీణ ఎక్స్ఛేంజీని సీడాట్ రూపొందించింది. 128 లైన్ల ఆ యంత్రం 1986లో కర్ణాటకలోని కిత్తూరులో మొదలై ఊరూరికీ పాకింది. దాంతోపాటే పసుపు బోర్డుల ఎస్‌టీడీ, ఐఎస్‌డీ, పీసీఓ బూత్‌లు వెలిశాయి. వాటిలో చాలావాటిని వికలాంగులకు కేటాయించారు.

బూత్‌లో ముందుగా కనిపించేది ఎర్ర అంకెల మీటరు. అద్దాల గదిలో తలుపు వేసుకుని డయల్ చేస్తే అవతల రిసీవర్ ఎత్తగానే అంకెలు కదలడం మొదలయ్యేది. మాట్లాడేవారి చూపు దాని మీదే. యోగక్షేమాలు మొదటి నిమిషంలో, అసలు సంగతి రెండో నిమిషంలో, "ఉంటాను, పెద్దమ్మకు చెప్పు" మూడో నిమిషంలో. బయటికి రాగానే చిన్న ప్రింటరు చీటీ కక్కేది: నంబరు, సమయం, యూనిట్లు, రూపాయలు. రాత్రి 11 దాటితే పావు చార్జీ. కాబట్టి ఆ వేళకు బూత్ ముందు బెంచీ నిండిపోయేది.

ఫార్మింగ్టన్ హిల్స్ వైపు గడియారం మరోలా నడిచేది. వేసవిలో ఇక్కడ రాత్రి తొమ్మిదైతే విజయవాడలో తెల్లవారి ఆరున్నర. శీతకాలంలో ఏడున్నర. 1984 జనవరి 1న ఏటీ అండ్ టీ గుత్తాధిపత్యం ముక్కలై, దూరపు కాల్స్‌లో ఎంసీఐ, స్ప్రింట్ వంటివి పోటీ పడ్డాయి. అయినా 1990ల మొదట్లో ఇండియాకు నిమిషం మాట డాలరు దాటేది. ఇంట్లో అందరూ ఫోను చుట్టూ చేరి, చెప్పాల్సినవి ముందే కాగితం మీద రాసుకునే అలవాటు ఆ ధరలోంచి పుట్టింది. పిల్లల వంతు వచ్చేసరికి "తాతయ్యా బాగున్నారా" అన్న ఒక్క వాక్యానికే వ్యవధి మిగిలేది. ఇక్కడ పుట్టిన ఒక తరం పిల్లల తెలుగు మొదట ఆ ఒక్క వాక్యంతోనే సముద్రం దాటింది.

తర్వాత ఇండియన్ కిరాణా కొట్లలో కౌంటరు పక్కన కాలింగ్ కార్డులు వేలాడాయి. కార్డు వెనక వెండి పూత గీకితే పిన్. ముందు స్థానిక యాక్సెస్ నంబరు నొక్కాలి, పిన్ నొక్కాలి, ఆపైన 011, 91, ఊరి కోడు, ఇంటి నంబరు. ముప్పైకి పైగా అంకెల్లో ఎక్కడ తప్పినా మళ్లీ మొదటి నుంచి. మిగిలిన నిమిషాలెన్నో ఒక రికార్డింగ్ గొంతు చెప్పేది. ఐదు డాలర్ల కార్డు మీద అచ్చేసినన్ని నిమిషాలు నిజంగా దొరక్కపోయినా పాత ధరలతో పోలిస్తే అది పండగే. ఇండియాలో 2002 ఏప్రిల్ 1 నుంచి అంతర్జాతీయ కాల్స్ మీద విదేశ్ సంచార్ నిగమ్ (వీఎస్‌ఎన్‌ఎల్) గుత్త హక్కు తొలగింది. ధరలు ఇంకా పడ్డాయి. 2009 ఆగస్టులో ఇంటర్నెట్ ఫోను కంపెనీ వొనేజ్ నెలకు 24.99 డాలర్లకు ఇండియాతో సహా 60 దేశాలకు ఎంతసేపైనా మాట్లాడుకోమంది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఇంటి ఫోను చివరి వెలుగు ఇదేనని చెప్పాలి. మీటరు భయం పోయి, ఆదివారం ఉదయాలు గంటల కబుర్లుగా మారాయి. వాట్సాప్‌లో 2015లో మాట, 2016 నవంబరులో వీడియో వచ్చాక ఆ ఇంటి ఫోను అవసరమూ తీరిపోయింది.

తీగ తెంచుకున్న మాట

తీగ లేని మాటకు డిట్రాయిట్‌తో పాత చుట్టరికం ఉంది. గస్తీ కార్లలో రేడియో పెట్టి స్టేషన్ నుంచి కబురందించడంలో మొదట సఫలమైనది డిట్రాయిట్ పోలీసు శాఖ, 1928లో. 1946లో సెయింట్ లూయిస్‌లో కారు ఫోను సేవ మొదలైంది. 1973 ఏప్రిల్ 3న న్యూయార్క్ వీధిలో మోటరోలా ఇంజనీరు మార్టిన్ కూపర్ చేత్తో పట్టుకునే ఫోను నుంచి మొదటి కాల్ చేశారు. 1983 అక్టోబరు 13న చికాగోలో వాణిజ్య సెల్యులార్ సేవ ప్రారంభించినప్పుడు మొదటి కాల్ వెళ్లింది ఒక క్రైస్లర్ కారులోంచి. ఆనాటి చేతి ఫోను ధర 3,995 డాలర్లు.

భారతదేశంలో తొలి మొబైల్ కాల్ 1995 జూలై 31న కలకత్తా నుంచి ఢిల్లీకి వెళ్లింది. మాట్లాడింది పశ్చిమ బెంగాల్ ముఖ్యమంత్రి జ్యోతిబసు, కేంద్ర టెలికాం మంత్రి సుఖ్‌రామ్. అప్పట్లో వచ్చిన కాల్‌కూ డబ్బు కట్టాలి. అందుకే ఫోను మోగితే ఎత్తకుండా నంబరు చూసి, బూత్‌కు పరుగెత్తి తిరిగి చేసేవారు. 2003 మే 1 నుంచి ఇన్‌కమింగ్ ఉచితమైంది. అదే ఏడాది జూలైలో రిలయన్స్ 501 రూపాయలకే ఫోను చేతిలో పెట్టింది. 2004 అక్టోబరుకల్లా దేశంలో మొబైళ్లు ల్యాండ్‌లైన్లను దాటేశాయి. తాపీమేస్త్రీలు, ఆటో డ్రైవర్లు, పాల వ్యాపారులు తమ జీవితంలో మొదటిసారి సొంత నంబరు చెప్పుకున్నారు. ల్యాండ్‌లైన్ కోసం క్యూలో నిలబడే స్థోమత ఎన్నడూ లేనివారికి ఒక్క గెంతులో ఫోను దక్కింది. 2005 ఆగస్టు 15న హైదరాబాద్ నుంచి మొదలైన 108 అంబులెన్స్ సేవ పల్లెపల్లెకూ పనికొచ్చిందంటే దానికి పొలం గట్టు మీదికి చేరిన ఈ ఫోనే కారణం. ఈ మేలు చెప్పకుండా పాత ఫోను గురించి విచారించడం న్యాయం కాదు.

అమెరికాలో మార్పు నెమ్మదిగా వచ్చింది. ఇక్కడ ల్యాండ్‌లైన్ అప్పటికే దాదాపు ప్రతి ఇంట్లోనూ ఉంది. ఈ దేశపు వ్యాధి నియంత్రణ కేంద్రం ఆరోగ్య సర్వేల కోసం ఇళ్లలో ఫోన్ల లెక్కా తీస్తుంది. 2003లో సెల్ ఫోను మాత్రమే ఉన్న ఇళ్లు సుమారు 3 శాతం. 2016 రెండో సగంలో 50.8 శాతం. సగం గీత దాటడం అదే మొదటిసారి. 2022 చివరికి వయోజనుల్లో 72.6 శాతం మంది సెల్ మాత్రమే ఉన్న ఇళ్లలో బతుకుతున్నారు. 65 దాటినవారిలో మాత్రం అప్పటికి సగం మందికన్నా తక్కువే. తీగను చివరిదాకా పట్టుకున్నది పెద్దవాళ్లన్నమాట.

2003 నవంబరు 24 నుంచి అమెరికాలో ఇంటి నంబరును సెల్‌కు మార్చుకునే వీలు వచ్చింది. భారతదేశమంతటా కంపెనీ మారినా మొబైల్ నంబరు ఉంచుకునే హక్కు 2011 జనవరిలో వచ్చింది. నంబరు నేలను వదిలేసింది. ఇప్పుడు 248తో మొదలయ్యే ఫోను మనిషి టెక్సస్‌లో ఉండొచ్చు, హైదరాబాద్‌లోనూ ఉండొచ్చు. ఒకనాడు 0866 అంటే విజయవాడ, 0870 అంటే వరంగల్. మొబైల్ నంబరు చూసి ఎవరిది ఏ ఊరో చెప్పలేం.

కరెంటు పోయిన సాయంత్రం

2003 ఆగస్టు 14 సాయంత్రం నాలుగు దాటాక ఈశాన్య అమెరికాతోపాటు డిట్రాయిట్ ప్రాంతమంతా చీకటైంది. ఈ ప్రాంతంలో చాలా ఇళ్లకు రెండు రోజులు కరెంటు లేదు, మంచినీటికీ ఇబ్బంది. సెల్ నెట్‌వర్కులు ఒక్కసారిగా కిక్కిరిశాయి. టవర్ల బ్యాటరీలు గంటల్లో అయిపోయాయి. గోడకు తగిలించిన పాత తీగ ఫోన్లు మాత్రం మోగుతూనే ఉన్నాయి. కారణం సాదాసీదాది. రాగి తీగలో మాటతోపాటు ఎక్స్ఛేంజీ నుంచి 48 వోల్టుల కరెంటూ వస్తుంది. అక్కడ బ్యాటరీల గది, డీజిల్ జనరేటరు ఉంటాయి. ఇంటి కరెంటుతో దానికి పనిలేదు.

ఇంకో సంగతి. ల్యాండ్‌లైన్ నుంచి అత్యవసర నంబరు 911కు చేస్తే అవతలివాళ్ల తెర మీద ఇంటి చిరునామా కనిపిస్తుంది. మాట్లాడలేకపోయినా, ఇంగ్లీషు రాకపోయినా బండి ఇంటికి వస్తుంది. సెల్ ఫోను చెప్పేది సుమారు చోటు మాత్రమే. అపార్ట్‌మెంట్లలో ఏ అంతస్తో తేల్చడం అన్నిసార్లూ కుదరదు.

పిల్లల దగ్గరికి ఆరు నెలలకని వచ్చిన అమ్మానాన్నల స్థితి ఇక్కడ ఆలోచించాలి. కొడుకూ కోడలూ ఆఫీసుకు, మనవలు బడికి. ఇంట్లో మోగే ఫోను లేదు. చేతిలో ఇండియా సిమ్ ఉన్న ఫోను, మామూలుగా అది ఇంటి వైఫై మీద వాట్సాప్‌కే పనికొస్తుంది. చెల్లెలితో మచిలీపట్నం కబుర్లు గంటసేపు ఆడగలరు. ఛాతీలో నొప్పి వస్తే వీధి పేరు చెప్పలేరు.

ఈ ఏకాంతాన్నే మోసగాళ్లు పట్టుకున్నారు. హాల్లో ఫోను మోగితే ఎవరన్నది ఇంట్లో ఎవరో ఒకరు అడిగేవారు. జేబులో ఫోనును ఎవరూ అడగరు. పోలీసులమని, సీబీఐ అని బెదిరించి రోజుల తరబడి వీడియో కాల్ కట్ చేయనీయకుండా కూర్చోబెట్టే "డిజిటల్ అరెస్ట్" మోసాల గురించి 2024 అక్టోబరులో భారత ప్రధానమంత్రే రేడియోలో హెచ్చరించాల్సి వచ్చింది. పిల్లలు విదేశాల్లో ఉండి ఒంటరిగా బతుకుతున్న విశ్రాంత ఉద్యోగులు ఈ ఉచ్చుకు చిక్కిన ఉదంతాలు తెలుగు పత్రికల్లో తరచూ వస్తున్నాయి. చట్టంలో అలాంటి అరెస్టు లేదు. ఫిర్యాదుకు ఇండియాలో నంబరు 1930.

ఈ ఊరి పేరు మోగిన రాత్రి

2019 జనవరి చివర తెలుగు రాష్ట్రాల్లో ఫార్మింగ్టన్ పేరు ఇంటింటా వినిపించింది. ఫార్మింగ్టన్ హిల్స్‌లో ఒక ఆఫీసు భవనం చిరునామాతో "యూనివర్సిటీ ఆఫ్ ఫార్మింగ్టన్" నడిచింది. పాఠాలు లేవు, అధ్యాపకులు లేరు. అమెరికా హోంల్యాండ్ సెక్యూరిటీ శాఖ వీసా మోసాలను పట్టుకోవడానికి స్వయంగా పన్నిన వల అది. మొదటి విడతలో అదుపులోకి తీసుకున్న 130 మంది విద్యార్థుల్లో 129 మంది భారతీయులు, వారిలో ఎక్కువమంది తెలుగువారు. వాషింగ్టన్‌లోని భారత రాయబార కార్యాలయం 24 గంటల హాట్‌లైన్ తెరిచింది. తెలుగు సంఘాలు న్యాయ సలహాకు ముందుకొచ్చాయి. పిల్లల ఫోను మూగబోయిన ఇళ్లలో తల్లిదండ్రులకు చేయడానికి ఇంకో నంబరు తెలియదు. రూమ్మేటు నంబరు లేదు, చిరునామా లేదు. ఒక మనిషికి ఒకే నంబరు మిగిలిన కాలంలో ఆ ఒక్కటీ ఆగితే కుటుంబం మొత్తానికి దారి మూసుకుపోతుందని ఆ రాత్రులు చూపించాయి.

మరుసటి ఏడాది మార్చిలో కోవిడ్‌తో అంతర్జాతీయ విమానాలు ఆగిపోయాయి. ఇక్కడి కొడుకులూ కూతుళ్లూ తల్లిదండ్రుల అంత్యక్రియలను ఫోను తెర మీద చూశారు. ఆ చిన్న తెర లేకపోతే అదీ దక్కేది కాదు. కొత్త ఫోను చేసిన ఉపకారాల్లో ఇంతటిది మరొకటి లేదు.

ఇప్పుడు చేయవలసింది

మిషిగన్‌లో 2014 మార్చిలో ఒక చట్టం వచ్చింది. 2017 నుంచి ఫోను కంపెనీలు, ఫెడరల్ అనుమతికి లోబడి, పాత ల్యాండ్‌లైన్ సేవను మానుకోవచ్చు. పెద్దవాళ్ల హక్కుల సంస్థ ఏఏఆర్‌పీ దాన్ని వ్యతిరేకించింది. 2024 డిసెంబరులో ఏటీ అండ్ టీ, 2029 చివరికి కాలిఫోర్నియా తప్ప తమ ప్రాంతంలో చాలావరకు రాగి తీగల సేవ ముగిస్తామని ప్రకటించింది. ఫైబర్ మంచిదే. ఆంధ్రప్రదేశ్‌లో 2017 డిసెంబరులో ఫైబర్‌నెట్ మొదలైనప్పుడు నెలకు 149 రూపాయలకు టీవీ, ఇంటర్నెట్‌తోపాటు ఫోనూ ఇచ్చారు. కొత్త తీగ మీద ఇంటి ఫోను మళ్లీ బతకగలదని అది చూపింది. అయితే ఫైబర్ పెట్టెకు ఇంటి కరెంటు కావాలి. బ్యాటరీ పెట్టుకునే పని ఎక్స్ఛేంజీ నుంచి ఇంటివారి మీద పడింది.

పెద్దవాళ్లున్న ఇళ్లు ఈలోగా కొన్ని చూసుకోవాలి. మెడలో వేసుకునే మెడికల్ అలర్ట్ బటన్, దొంగల అలారం, లిఫ్ట్‌లోని ఫోను రాగి తీగ మీద నడుస్తున్నాయేమో కనుక్కోవాలి. వైఫై కాలింగ్ వాడుతుంటే అందులో 911 చిరునామా ఈ ఇంటిదే నమోదైందో లేదో చూడాలి. అమెరికాలో ప్లాను లేని ఫోను నుంచి కూడా 911 కలుస్తుంది. కానీ అవతలివాళ్లు తిరిగి చేయలేరు. కాబట్టి లైను తెగితే మళ్లీ చేయాలని అమ్మానాన్నలకు చెప్పాలి. ఇంటి నంబరు, వీధి, ఊరి పేరు తెలుగు అక్షరాల్లో పెద్దగా రాసి ఫ్రిజ్ మీద అంటించాలి. "తెలుగు" అన్న ఒక్క మాట స్పష్టంగా పలికితే చాలా 911 కేంద్రాలు ఫోనులోనే దుబాసీని కలుపుతాయి. పిల్లలు పక్కన కూర్చుని ఒకసారి వారిచేత ఆ మాటలు పలికించి చూడాలి.

చివరగా ఒక పౌర కర్తవ్యం. మిషిగన్ చట్టం ప్రకారం సేవ ఆపే ముందు కంపెనీ వినియోగదారులకు నోటీసు పంపాలి. 911కు నమ్మకంగా పనిచేసే మరో ఫోను సేవ ఆ చిరునామాలో దొరుకుతుందో లేదో విచారించమని వినియోగదారులు రాష్ట్ర పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను కోరవచ్చు. అలాంటి ఉత్తరం వచ్చినప్పుడు ప్రకటనల కాగితాలతో కలిపి పారేయకుండా చదవాలి. ఇంగ్లీషు చదవలేని పెద్దల తరఫున రాసిపెట్టే పనికి ఈ ప్రాంతపు తెలుగు సంఘాలు ఇద్దరు ముగ్గురు కార్యకర్తలను నియమించాలి. వారి పేర్లు, నంబర్లు గుళ్లలోనూ కిరాణా కొట్లలోనూ అందరికీ కనిపించేలా అంటించాలి.